ఎన్నికల రూల్స్: ఏ దేశం భయం ఆ దేశానిది

జర్మనీలో 2005 ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాల్లో ఓటింగ్ మెషిన్లు వాడారు. దాని మీద కేసు పడితే 2009లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ మెషిన్ల వాడకం చెల్లదని తేల్చేసింది. మోసం జరిగిందని కాదండోయ్, మోసం జరిగినట్టు ఎవరూ రుజువు చేయలేదు కూడా. కోర్టు చెప్పింది ఒకటే, ఓటు వేసిన దగ్గర్నుంచి లెక్క తేలేదాకా ఏం జరుగుతోందో టెక్నాలజీ తెలియని మామూలు మనిషి కూడా తన కళ్లతో చూసి తేల్చుకోగలగాలి, మెషిన్ లోపల ఏం జరిగిందో అలా చూడలేడు కాబట్టి కుదరదు అని. అంతే, అక్కడ మళ్లీ కాగితం, పెన్నే.

సరిగ్గా దీనికి రివర్స్‌లో ఇండియాలో కాగితాన్ని నమ్మలేకే మెషిన్ తెచ్చుకున్నారు. బూత్‌లోకి పది మంది జొరబడి బ్యాలెట్ల కట్ట లాక్కుని గుద్దుకుంటూ పోతే పావుగంటలో బాక్సు నిండిపోయేది, రిగ్గింగ్ అంటే అప్పట్లో అదే. ఈవీఎంలో ఎంత తొందరపడ్డా నిమిషానికి నాలుగైదు ఓట్లకి మించి పడవు, పైగా ప్రిసైడింగ్ ఆఫీసర్ క్లోజ్ బటన్ నొక్కేస్తే ఇంక ఒక్క ఓటు కూడా పడదు. ఈ కథ మొదలైంది కూడా కోర్టులోనే. 1982లో కేరళలోని పరవూర్ అసెంబ్లీ ఎన్నికలో 50 బూతుల్లో ట్రయల్‌గా మెషిన్లు పెట్టారు, ఓడిపోయిన కాంగ్రెస్ అభ్యర్థి ఏ.సి.జోస్ సుప్రీంకోర్టుకెళ్లాడు, చట్టంలో మెషిన్ అనే మాటే లేదు కదా అని 1984లో కోర్టు ఆ ఎన్నిక కొట్టేసింది. ఆ బూతుల్లో కాగితంతో రీపోలింగ్ పెడితే జోసే గెలిచాడు! తర్వాత చట్టం మార్చి, నెమ్మదిగా పెంచుకుంటూ 2004 లోక్‌సభ ఎన్నికలకి దేశమంతా మెషిన్లే చేశారు. దాని మీదా అనుమానాలు వస్తే పక్కన వీవీప్యాట్ అనే ప్రింటరు పెట్టి, ఓటు ఎవరికి పడిందో 7 సెకన్లు స్లిప్పు చూపిస్తున్నారు. ఇటు నెదర్లాండ్స్ అయితే చాలా ఏళ్లు మెషిన్లు వాడి, వాటిని ఎలా ఏమార్చొచ్చో కొందరు చేసి చూపించాక 2007లో పక్కన పడేసి మళ్లీ ఎర్ర పెన్సిల్‌కి వెళ్లిపోయింది.

ఎన్నికల మీద చర్చ వచ్చినప్పుడల్లా "ఫలానా దేశంలో అలా చేస్తున్నారు, మనమెందుకు చేయకూడదు" అనే మాట ఒకటి వస్తుంది చూశారా, అది సగం ప్రశ్నే. ఏ దేశం రూల్ తీసుకున్నా దాని వెనక ఒక అనుమానం ఉంటుంది. ఒకరికి మెషిన్ మీద అనుమానం, ఒకరికి గూండాల మీద, ఒకరికి డబ్బు మీద, ఇంకొకరికి ప్రభుత్వం మీదే. ఆ అనుమానం ఏంటో తెలియకుండా రూల్ ఒక్కటే చూస్తే ఒకటి పిచ్చిగా, ఒకటి గొప్పగా కనిపిస్తుంది, అంతే.

జపాన్ ప్రచారం చూడండి. దిగువ సభ ఎన్నికలకి అధికారికంగా ప్రచారం 12 రోజులే, దానికి ముందు "నాకు ఓటెయ్యండి" అని అడగడం నేరం. ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి ఓటు అడగడం కూడా నేరమే, 1925 నుంచి ఆ నిషేధం ఉంది, గుమ్మం దాకా వస్తే చేతిలో డబ్బులు పెట్టి వెళ్తారని భయం. బ్రిటన్లో ఇదే పని ప్రచారానికి వెన్నెముక, అక్కడ వాలంటీర్లు లిస్టు పట్టుకుని వీధి వీధి తిరక్కపోతే ఎన్నికే లేదు, ఇండియాలో అయితే గడప గడపకీ అనేదే కార్యక్రమం పేరు. మరి జపాన్‌లో ఏం చేస్తారంటే వ్యాను ఎక్కి మైకు పట్టుకుంటారు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, కదులుతున్న వాహనంలోంచి ప్రసంగం చేయకూడదు, పేరు పదే పదే పిలవడం వరకే పర్మిషన్. అందుకే ఆ వ్యాన్లు వీధుల్లో తిరుగుతూ అభ్యర్థి పేరు, దండాలు, మళ్లీ పేరు, మళ్లీ దండాలు, ఇదే వినిపిస్తాయి. తెల్ల గ్లవ్స్ వేసుకుని చేతులూపుతూ ఉంటారు, విధానాలేంటయ్యా అంటే బండి ఆపాలి. కరపత్రాలకీ లెక్కే, ఒక్కో దాని మీద ఎన్నికల సంఘం ఇచ్చిన చిన్న స్టిక్కర్ అంటించాలి, స్టిక్కర్లు ఎన్నిస్తే కరపత్రాలు అన్నే, ప్రచారం మొదలైన రోజు ఆఫీసులో అందరూ కూర్చుని వేలకి వేలు స్టిక్కర్లు అంటించడమే పని. పోస్టర్లు ఎక్కడపడితే అక్కడ అంటించడానికి లేదు, వీధి చివర బోర్డు పెట్టి గళ్లు గీసి నంబర్లేస్తారు, నీ గడిలో నువ్వు అంటించుకో. ఇంత కట్టడి చేసినా డబ్బు ఆగిందా అంటే, న్యాయశాఖ మంత్రిగా పనిచేసిన కవాయి కత్సుయుకి భార్య ఎన్నిక కోసం స్థానిక నాయకులకి డబ్బులు పంచిన కేసులో 2021లో ఆయనకి జైలు శిక్ష పడింది.

ఊరికే పేరు అరిచి ఏం లాభం అనుకుంటాం కానీ, అక్కడ పేరే ముఖ్యం. ఎందుకంటే జపాన్ బ్యాలెట్ మీద అభ్యర్థుల లిస్టు ఉండదు, ఖాళీ కాగితం ఇస్తారు, ఓటరే పెన్సిల్‌తో పేరు రాయాలి. అందుకే చాలామంది అభ్యర్థులు తమ పేరుని కష్టమైన కాంజీ అక్షరాల్లో కాకుండా చిన్నపిల్లలు కూడా రాయగలిగే హిరగానాలో పోస్టర్ల మీద వేయించుకుంటారు. మరి ఒకే ఇంటిపేరున్న వాళ్లు ఇద్దరు నిలబడితే, ఓటరు వట్టి ఇంటిపేరు రాసి వచ్చేస్తే ఆ ఓటు ఎవరిది? దాన్ని పారేయరు, ఆ ఇద్దరికీ స్పష్టంగా పడిన ఓట్ల నిష్పత్తిలో పంచుతారు! అందుకే అక్కడ ఫలితాల్లో ఒక్కోసారి ఓట్లు దశాంశాల్లో కనిపిస్తాయి, పాయింటు తర్వాత మూడంకెలతో. 2021లో అయితే రెండు పార్టీలు మిన్షుతో అనే ఒకే పొట్టి పేరు పెట్టుకున్నాయి, అది రాసిన ఓట్లన్నీ రెండింటికీ ఇలాగే పంచారు. ఇంకో తమాషా, ఆ బ్యాలెట్ మామూలు కాగితం కాదు, ప్లాస్టిక్ కలిసిన రకం, మడిచి బాక్సులో వేసినా లోపల దానంతటదే విచ్చుకుంటుంది, లెక్కపెట్టేవాళ్లకి మడతలు విప్పే బాధ లేదు.

ఈ పద్ధతి పని చేయాలంటే అందరికీ చదవడం రాయడం వచ్చుండాలి. 1951-52లో ఇండియా మొదటి ఎన్నికలు పెట్టినప్పుడు అక్షరాస్యత 18 శాతం చిల్లర, పేరు రాయమంటే అయిపోయినట్టే. అందుకే గుర్తులొచ్చాయి, అప్పుడైతే ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు, మీకు నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావడమే. గాంబియాలో ఇంకా సింపుల్, అక్కడ 1960ల నుంచి గోళీలతో ఓటేస్తున్నారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు డ్రమ్ము, దాని మీద ఫొటో, పైనున్న గొట్టంలో గోళీ వేస్తే లోపల గంట తగిలి టింగుమంటుంది. ఒక టింగు అంటే ఒక ఓటు, రెండోసారి మోగితే బయట కూర్చున్న ఆఫీసరుకి దొంగ ఓటు సంగతి తెలిసిపోతుంది, గోళీ అడుగున పడి ఇంకో చప్పుడు చేయకుండా కింద ఇసకో రంపపు పొట్టో వేస్తారు. చవగ్గా, తెలివిగా చేసిన ఏర్పాటు, నాకైతే చాలా హైటెక్ ఏర్పాట్ల కంటే ఇదే నచ్చింది. బ్రెజిల్ వాళ్లది నంబర్ల దారి, ఏటీఎం లాంటి మెషిన్ మీద అభ్యర్థి నంబరు కొడితే ఫొటో వస్తుంది, పచ్చ బటన్ నొక్కితే ఓటు పడ్డట్టు, 1996 నుంచి ఇదే నడుస్తోంది. కాబట్టి అక్కడ ప్రచారంలో పాటలన్నీ నంబరు చుట్టూనే తిరుగుతాయి. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఓటరు ఏం గుర్తుపెట్టుకుని వెళ్లాలో దాన్ని బట్టే ప్రచారం తయారవుతుంది, అది పేరైతే పేరు, గుర్తైతే గుర్తు, నంబరైతే నంబరు.

ఇక డబ్బు. ఇక్కడ అమెరికాకీ యూరప్‌కీ పొత్తు కుదరదు. 1976లో బక్లీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏమందంటే, ప్రచారానికి డబ్బు ఖర్చుపెట్టడం కూడా ఒక రకంగా మాట్లాడటమే, కాబట్టి ఇంతకి మించి ఖర్చుపెట్టకూడదు అనడం వాక్ స్వాతంత్ర్యానికి అడ్డుపడటమే అని. అభ్యర్థికి నేరుగా ఇచ్చే చందాకి పరిమితి ఉంది, ఖర్చుకి లేదు. 2010లో సిటిజన్స్ యునైటెడ్ తీర్పుతో కంపెనీలు, యూనియన్లు కూడా విడిగా ఎంతైనా ఖర్చుపెట్టుకోవచ్చని అయ్యింది, అలా ఎంతైనా పోగేసి ఖర్చుపెట్టే సూపర్ ప్యాక్ అనే సంఘాలు పుట్టింది దాని తర్వాతే. ప్రచారానికి ఇన్ని రోజులే అనే లెక్క కూడా లేదు, 2024 నవంబరు ఎన్నికకి ట్రంప్ 2022 నవంబరులోనే ప్రకటించేశాడు. అక్కడి భయం డబ్బు గురించి కాదు, ఎవరు ఎంత మాట్లాడాలో ప్రభుత్వం చెప్పడం మొదలుపెడితే అధికారంలో ఉన్నవాడు ఎదుటివాడి నోరు నొక్కేస్తాడని.

బ్రిటన్లో టీవీలో డబ్బిచ్చి పార్టీ యాడ్ వేయడమే నిషేధం, పార్టీలకి కొంత టైము ఉచితంగా ఇస్తారు అంతే. అభ్యర్థి ఆఖరి వారాల్లో పెట్టుకోగలిగే ఖర్చు 20 వేల పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. డిపాజిట్ 500 పౌండ్లు, 5 శాతం ఓట్లు రాకపోతే గల్లంతు, ఆ 500 పెట్టుకోగలిగితే ప్రధానమంత్రి పక్కనే స్టేజీ మీద నిలబడొచ్చు, ఎందుకంటే ఫలితం ప్రకటించేటప్పుడు అభ్యర్థులందరూ ఒకే వేదిక మీద ఉంటారు. 2024లో అప్పటి ప్రధాని రిషి సునాక్‌కి వచ్చిన ఓట్లు చదువుతుంటే వెనకాల నెత్తిన చెత్తబుట్ట పెట్టుకున్న కౌంట్ బిన్‌ఫేస్ అనే అభ్యర్థి నిలబడి ఉన్నాడు, ప్రపంచమంతా చూసింది.

ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకేసి ప్రెసిడెంట్ ఎన్నికల ఆఖరి రెండు వారాల్లో టీవీ, రేడియోల్లో అందరికీ సమాన టైము ఇవ్వాల్సిందే అంటుంది, స్టాప్‌వాచ్ పెట్టి కొలుస్తారు, ఒక శాతం ఓట్లు రాని చిన్న కమ్యూనిస్టు (ట్రాట్‌స్కీయిస్టు) అభ్యర్థికీ కుర్చీలో ఉన్న ప్రెసిడెంటుకీ ఒకటే కొలత. అలాగని ఎవరు పడితే వాళ్లు నిలబడటానికి లేదు, మేయర్ల లాంటి ఎన్నికైన ప్రతినిధులు 500 మంది సంతకం పెట్టాలి. ఖర్చుకి గట్టి పరిమితి, 5 శాతం దాటినవాళ్లకి అందులో చాలా భాగం ప్రభుత్వమే తిరిగిచ్చేస్తుంది, కానీ లెక్క తప్పితే ఆ డబ్బు రాదు. 2012లో అప్పటి ప్రెసిడెంట్ నికొలా సర్కోజీ పరిమితి దాటాడని 2013లో ఆయన ఖర్చుల ఖాతా తిరస్కరించారు, కోటి యూరోల పైన పడిన ఆ బొక్క పూడ్చుకోవడానికి పార్టీ అభిమానుల దగ్గర చందాలు వసూలు చేయాల్సొచ్చింది, ఆ తర్వాత దొంగ బిల్లుల కేసులో 2021లో శిక్ష కూడా పడింది.

ఇండియాలో పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు పరిమితి, బానే ఉంది, పార్టీకి మాత్రం పరిమితే లేదు. స్టార్ క్యాంపెయినర్ హెలికాప్టర్ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. ముందు తలుపుకి తాళం వేసి వెనక తలుపు బార్లా తీసిపెట్టి, లెక్కలన్నీ పక్కాగా ఉన్నాయి అనుకోవడం అన్నమాట. దేశం మొత్తానికి ఇంత పెద్ద ఎన్నికల యంత్రాంగం నడుపుతున్న చోట డబ్బు విషయంలో మాత్రం ఈ మొహమాటం ఎందుకో అర్థం కాదు.

ప్రచారం ఎప్పుడు ఆపాలి అనే దాంట్లో కూడా ఎన్ని రకాలో. ఇండియాలో పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందే మైకులు బంద్, బూత్‌కి 100 మీటర్ల లోపు ఓటు అడగకూడదు. న్యూజిలాండ్‌లో పోలింగ్ రోజు వీధిలో ఒక్క పోస్టరు కూడా కనపడకూడదు, ముందు రాత్రి 12 లోపల అన్నీ పీకేయాలి. ఆస్ట్రేలియాలో మాత్రం బూత్ గుమ్మానికి 6 మీటర్లు దాటితే చాలు, లోపలికెళ్లేవాళ్ల చేతిలో పార్టీల వాళ్లు చీటీలు పెట్టేస్తుంటారు. ఫ్రాన్స్‌లో ఆఖరి బూత్ మూసే రాత్రి 8 గంటల దాకా అంచనాలు బయటపెట్టడం నేరం, కానీ పక్కనున్న బెల్జియం, స్విట్జర్లాండ్ మీడియాకి ఆ చట్టం వర్తించదు కదా, అక్కడ సాయంత్రమే వచ్చేసేవి. దాంతో 2012లో ట్విట్టర్‌లో రేడియో లండన్ అనే హ్యాష్‌ట్యాగ్ పెట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో బీబీసీ రహస్య సందేశాలు పంపినట్టు, కోడ్ భాషలో ఫలితాలు చెప్పుకున్నారు, హాలండ్ జున్ను ధర ఎంత పెరిగిందో అంటే ఫ్రాన్స్వా ఒలాంద్ అనే అభ్యర్థి ఓట్ల శాతం అన్నమాట.

ఓటు వేయడం ఇష్టమా బాధ్యతా అనే గొడవ దగ్గరికొద్దాం. ఆస్ట్రేలియాలో 1922 ఎన్నికలకి 60 శాతం మంది కూడా రాలేదు, 1924లో ఓటు తప్పనిసరి చేశారు, 1925లో 91 శాతం దాటింది, ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే. ఫైను 20 డాలర్లే, అదేమంత పెద్ద మొత్తం కాదు, కానీ నోటీసు వస్తుంది, సంజాయిషీ చెప్పాలి. దీనివల్ల ప్రచారం స్వభావమే మారిపోతుంది, మనవాళ్లని బూత్‌కి లాక్కురావాలి అనే పని అక్కడ పార్టీకి ఉండదు, అందరూ ఎలాగూ వస్తారు కాబట్టి అటూ ఇటూ కాని వాళ్లని ఒప్పించుకోవాలి. అమెరికాలో సగం శక్తి మనవాళ్లని ఇంట్లోంచి కదిలించడానికే పోతుంది, దానికి కోపం, భయం రెచ్చగొట్టడం తేలికైన దారి. బ్రెజిల్‌లోనూ 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి తప్పనిసరే, జరిమానా నామమాత్రమే కానీ ఎగ్గొట్టి ఊరుకుంటే పాస్‌పోర్టుకీ గవర్నమెంటు ఉద్యోగానికీ అడ్డం పడుతుంది.

ఆస్ట్రేలియాలో ఇంకో పని కూడా ఉంది, ఒక పేరుకి టిక్కు పెట్టి వస్తే ఆ ఓటు చెల్లదు, దిగువ సభ బ్యాలెట్ మీద అందరికీ 1, 2, 3 అని వరస నంబర్లు వేయాలి. వంద మంది ఓటర్లు, ముగ్గురు అభ్యర్థులు అనుకోండి. ఎ కి 40, బి కి 35, సి కి 25 వచ్చాయి. బ్రిటన్లో, ఇండియాలో అయితే ఎ గెలిచినట్టే, 60 మందికి ఇష్టం లేకపోయినా. ఆస్ట్రేలియాలో ఎవరికీ సగం దాటలేదు కాబట్టి చివర ఉన్న సి ని తీసేసి, ఆ 25 చీటీల మీద 2 అని ఎవరికి వేశారో చూస్తారు. అందులో 20 బి కి, 5 ఎ కి ఉంటే బి 55తో గెలిచేస్తాడు. ఓట్లు చీలిపోయాయి అనే బాధ ఉండదు, చిన్న పార్టీకి వేస్తే ఓటు వేస్ట్ అనే మాట ఉండదు. పైగా ఎదుటి పార్టీని మరీ బూతులు తిడితే వాళ్ల అభిమానుల రెండో నంబరు మనకి రాదు కాబట్టి నోరు కొంచెం అదుపులో ఉంటుంది. దీనికీ తిప్పలు ఉన్నాయి లెండి, ఓపిక లేనివాళ్లు పైనుంచి కిందకి 1, 2, 3, 4 అని వేసేసి వచ్చేస్తారు, దాన్ని అక్కడ గాడిద ఓటు అంటారు, పైన పేరున్నవాడికి అది అప్పనంగా లాభం, అందుకని టాస్మేనియాలో రాష్ట్ర ఎన్నికలకి బ్యాలెట్ల మీద పేర్ల వరస మార్చి మార్చి అచ్చేస్తారు.

అభ్యర్థులు మరీ ఎక్కువైతే ఏ పద్ధతైనా కిందామీదా అవుతుంది. 2013లో న్యూ సౌత్ వేల్స్ సెనేట్ బ్యాలెట్ మీద 110 మంది, కాగితం మీటరు పైన పొడుగు, అక్షరాలు ఎంత చిన్నవంటే బూతుల్లో భూతద్దాలు ఇచ్చారు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పసుపు రైతులు నిరసనగా నామినేషన్లు వేస్తే 185 మంది అయ్యారు, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు కలిపి గోడలా పేర్చాల్సొచ్చింది. 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ల సమస్య మీద 480 మంది నిలబడితే బ్యాలెట్ పత్రం పుస్తకమే అయిపోయింది.

ఓట్లు సీట్లుగా మారే చోట అసలు తేడా బయటపడుతుంది. బ్రిటన్ 2024లో లేబర్ పార్టీకి 33.7 శాతం ఓట్లు, 650లో 411 సీట్లు. రిఫార్మ్ పార్టీకి 14.3 శాతం వస్తే 5 సీట్లు, అంతకంటే తక్కువగా 12.2 శాతం వచ్చిన లిబరల్ డెమొక్రాట్లకి 72 సీట్లు. మోసం ఏమీ లేదు, ఒకళ్ల ఓట్లు దేశమంతా పల్చగా పరుచుకున్నాయి, ఇంకొకళ్లవి కొన్నిచోట్ల గట్టిగా పడ్డాయి. జర్మనీలో ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు, ఒకటి మనిషికి, ఒకటి పార్టీకి, పార్టీ ఓటు శాతాన్ని బట్టే పార్లమెంటులో సీట్లు, అయితే 5 శాతం దాటాలి, హిట్లర్‌కి ముందున్న వైమర్ రోజుల్లో చిన్నాచితకా పార్టీలతో ప్రభుత్వాలు నిలబడక చివరికి ఏమైందో వాళ్లకి గుర్తుంది. 2025లో బీఎస్‌డబ్ల్యూ పార్టీకి 4.98 శాతం వచ్చింది, పది వేల లోపు ఓట్ల తేడాతో ఒక్క సీటూ లేకుండా పోయింది. ఇంకా విచిత్రం, కొత్త చట్టం ప్రకారం మొత్తం సీట్లు 630 దాటకూడదు కాబట్టి, నియోజకవర్గంలో మొదటి స్థానంలో వచ్చిన 23 మందికి సీటు రాలేదు, వాళ్ల పార్టీ ఓటు వాటా సరిపోలేదు. ఫస్టొచ్చి కూడా ఓడిపోవడం ఏంటో అక్కడి ఓటర్లకే ఇంకా మింగుడు పడటం లేదు. బ్రెజిల్‌లో దీనికి తిరగేసి, 2010లో టిరిరికా అనే జోకర్ 13 లక్షల ఓట్లు తెచ్చుకుంటే ఆ ఓట్ల బలంతో ఆ కూటమిలో ఇంకొందరు గెలిచి వచ్చేశారు.

అమెరికా ప్రెసిడెంటు లెక్క తెలిసిందే, రాష్ట్రాలవారీగా పంచిన మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లు, 270 రావాలి, మెయిన్, నెబ్రాస్కా తప్ప అన్నిచోట్లా రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా మొత్తం వాళ్లకే. 2016లో హిల్లరీ క్లింటన్‌కి దేశం మొత్తం మీద 28 లక్షల ఓట్లు ఎక్కువొచ్చినా ఓడింది అందుకే. ఇండియా ఎన్నికల సంఘం లాంటిది అక్కడ లేకపోవడం మాత్రం చాలామందికి తెలియదు. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ అని ఉంది కానీ అది డబ్బు లెక్కలు చూసేదే, ఎన్నిక జరిపేది రాష్ట్రాలు, కౌంటీలు, ఎవరి బ్యాలెట్ డిజైను వాళ్లది. 2000లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో వృద్ధులు ఎక్కువని, అక్షరాలు పెద్దగా కనపడాలని పేర్లని రెండు పేజీల మీద వేసి, చిల్లు పొడిచే రంధ్రాలు మధ్యలో పెట్టారు. ఎడమ పేజీలో బుష్ మొదటి పేరు, గోర్ రెండో పేరు. కానీ రంధ్రాల వరసలో రెండోది కుడి పేజీలో ఉన్న చిన్న పార్టీ అభ్యర్థి బ్యూకనన్‌ది, గోర్‌ది మూడోది. రెండో పేరు కదా అని రెండో రంధ్రం పొడిచినవాళ్ల ఓటు బ్యూకనన్‌కి పోయింది, ఆ ఒక్క కౌంటీలో ఆయనకి 3400 ఓట్లొచ్చాయి, ఇన్నొచ్చాయా అని ఆయనే నమ్మలేదు. ఫ్లోరిడా మొత్తంలో బుష్ మెజారిటీ ఎంతో తెలుసా, 537. చూపు ఆనని వాళ్లకి సాయం చేద్దామని వేసిన డిజైను అది!

ఎవరు ఓటరు అనే దాంట్లో కూడా తమాషాలే. జర్మనీలో పౌరులకి ఇంటి అడ్రసు మున్సిపాలిటీలో నమోదై ఉంటే చాలు, ఓటు వేయడానికి రమ్మనే నోటీసు పోస్టులో దానంతటదే వస్తుంది. అమెరికాలో నార్త్ డకోటా తప్ప అన్నిచోట్లా ఓటరు రిజిస్ట్రేషన్ ఉంటుంది. జైల్లో ఉన్నవాళ్లకి మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లో ఓటుంది, ఇండియాలో జైల్లో ఉంటే ఓటు వేయడానికి లేదు, కానీ రెండేళ్లూ ఆ పైన శిక్ష పడనంత వరకు జైల్లోంచే పోటీ చేయొచ్చు, గెలవొచ్చు కూడా. ఇంకోటి, బ్రిటన్లో చట్టబద్ధంగా ఉంటున్న కామన్‌వెల్త్ దేశాల పౌరులకి అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది, అంటే ఇండియా పాస్‌పోర్టుతో లండన్లో చదువుకుంటున్న కుర్రాడు బ్రిటన్ ప్రధానిని దించే ఓటు వేయొచ్చు, అదే తన సొంత దేశం ఓటు వేయాలంటే టికెట్ కొనుక్కుని విమానమెక్కి తన బూత్ దాకా రావాలి. ఫ్రాన్స్ అయితే విదేశాల్లో ఉన్న తన పౌరులకి ఏకంగా 11 నియోజకవర్గాలే కేటాయించింది.

లెక్కింపు ఎవరు చేస్తారు అనే దగ్గర ఫ్రాన్స్ పద్ధతి ఒకసారి చూడాలి. ఒక్కో అభ్యర్థికి ఒక్కో చీటీ బల్ల మీద కుప్పలుగా పెట్టి ఉంటాయి, ఓటరు కవరు తీసుకుని కనీసం రెండు చీటీలు ఏరుకుని, ఒక్కటే తీసుకుంటే ఎవరికేస్తున్నాడో తెలిసిపోతుంది కదా, తెర వెనక్కెళ్లి ఒకటి కవర్లో పెట్టి వస్తాడు. పెట్టె గాజులా పారదర్శకంగా ఉంటుంది, కవరు పడగానే అక్కడున్న అధికారి "ఓటేశారు" అని పైకి అంటాడు. సాయంత్రం పెట్టె తెరిచి లెక్కపెట్టేది ఎక్కువగా ఆ బూత్‌లో ఓటేసిన మామూలు మనుషులే, బల్లకి నలుగురు చొప్పున కూర్చుంటారు. రాత్రికి ఫలితం వచ్చేస్తుంది. ఇండియాలో 2024లో మొదటి విడత ఏప్రిల్ 19న ఓటేసినవాళ్లు జూన్ 4 దాకా ఆగారు, నెలన్నర పాటు మెషిన్లు స్ట్రాంగ్ రూముల్లో సీలు వేసి ఉన్నాయి. కేంద్ర బలగాలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తిరగాలి, ఒక విడత ఫలితం రెండో విడత మీద పడకూడదు, అదీ కారణం.

ఫోన్‌లోనే ఓటేస్తే పోలా అనే ప్రశ్న ఇంక రానే వస్తుంది. ఎస్తోనియా 2005 నుంచి ఇంటర్నెట్ ఓటు ఇస్తోంది, 2023 ఎన్నికల్లో సగం పైన ఓట్లు అలాగే పడ్డాయి. ఇంట్లో పక్కన కూర్చుని ఎవరైనా బలవంతంగా వేయిస్తే ఎలా అంటే దానికి వాళ్ల జవాబు, తర్వాత మళ్లీ మార్చుకోవచ్చు, ఎన్నిసార్లు వేసినా చివరిదే లెక్క, పోలింగ్ రోజు బూత్‌కొచ్చి కాగితం మీద వేస్తే ఆన్‌లైన్‌ది రద్దు. అయినా 2023లో కాగితం ఓట్లు లెక్కపెట్టినప్పుడు ముందున్న ఎక్రే పార్టీ, ఆన్‌లైన్ ఓట్లు కలిశాక వెనకబడి కోర్టుకెళ్లింది, కోర్టు కొట్టేసింది, ఆ అనుమానం మాత్రం వాళ్ల అభిమానుల్లో అలాగే ఉంది.

ఇండియాలో లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలకి అంత దూరం వెళ్లలేదు, పని కోసం వేరే రాష్ట్రానికి వెళ్లినవాళ్లు ఉన్నచోటే ఓటేసేలా 2023 జనవరిలో ఎన్నికల సంఘం ఒక రిమోట్ మెషిన్ తయారు చేయించి పార్టీలని పిలిచింది, ఒకే మెషిన్‌లో 72 నియోజకవర్గాల ఓట్లు వేయొచ్చు. పార్టీలు ఒప్పుకోలేదు. ఎన్నిక ఒక రాష్ట్రంలో, బూత్ ఇంకో రాష్ట్రంలో అయితే ఆ బూత్ ఉన్న ఊళ్లో ఎన్నికల కోడ్ ఎలా అమలు చేస్తారు, అక్కడ కూర్చునే పోలింగ్ ఏజెంటుని చిన్న పార్టీ ఎక్కడి నుంచి తెస్తుంది, అసలు ఆ లిస్టులో ఉన్న మనిషి నిజంగా వలస వెళ్లినవాడేనని ఎవరు చెప్తారు, ఇలాంటి వాటికి అందరూ ఒప్పుకునే సమాధానం దొరక్క ఆ మెషిన్ అక్కడే ఆగిపోయింది.